ఆసరా పింఛన్లపై పరిశోధన: జాబితా నుంచి మొదలుపెట్టాలా, గడప నుంచి మొదలుపెట్టాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఉండి పరిశోధన చేస్తున్నారు. వరంగల్, ములుగు, జగిత్యాల జిల్లాల్లో తెలంగాణ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఆసరా పింఛను వృద్ధుల జీవితంలో ఎంత మార్పు తెచ్చిందో తెలుసుకోవాలనుకుంటున్నారు. మండల పరిషత్ కార్యాలయం నుంచి లబ్ధిదారుల జాబితా తీసుకొని, అందులోంచి మూడు వందల మందిని ఎంచుకొని ప్రశ్నావళి నింపుకొని రమ్మని మీ గైడ్ సూచించారు. ఇది సరిపోతుందా, లేకపోతే ఇంకేం చేయాలి అని మీ ప్రశ్న. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో పింఛన్లు, రేషన్, ఉపాధి హామీ మీద ఇరవై ఏళ్లకు పైగా సర్వేలు చేసిన అనుభవంతో చెబుతున్నాను: సరిపోదు. జాబితా మీకు తప్పకుండా కావాలి, అయితే చివరికి, సరిపోల్చుకోవడానికి కావాలి.

జాబితాలో పేరున్నదంటే ఆ మనిషి దరఖాస్తు పెట్టుకున్నారు, కాగితాలు చూపించారు, మంజూరైంది, పోస్టాఫీసులో వేలిముద్ర పడింది, పైసలు చేతికి వచ్చాయి అని అర్థం. అటువంటి మూడు వందల మందిని 'పింఛనుతో మేలు జరిగిందా' అని అడిగితే జరిగిందనే చెబుతారు, అది నిజం కూడా. ఉమ్మడి రాష్ట్రంలో 200 రూపాయలుగా ఉన్న వృద్ధాప్య పింఛను 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు 1000 అయింది, 2019 జూన్ నుంచి 2016 అయింది. మందుగోలీలకు, చాయ్‌పత్తాకు కొడుకు ముందు చేయి చాపనవసరం లేని స్థితి చాలామంది ముసలివాళ్లకు జీవితంలో మొదటిసారి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. కానీ అదే వాడలో దరఖాస్తు పెట్టి రెండేళ్లుగా ఎదురుచూస్తున్నవారు ఉంటారు, కాగితం లేక అసలు పెట్టనివారు ఉంటారు, ఒకప్పుడు వచ్చి ఆగిపోయినవారు ఉంటారు. ఈ మూడు రకాల మనుషులూ మీ జాబితాలో కనబడరు. వారితో పోల్చకుండా పింఛను తెచ్చిన మార్పు ఇంత అని చెప్పడానికి ఆధారమే ఉండదు.

కాబట్టి ఊరి నుంచి మొదలుపెట్టండి. మూడు జిల్లాల నుంచి ఊళ్లు, గూడేలు, పట్టణ వాడలు కలిపి పన్నెండు చోట్లు ఎంచుకోండి. ప్రతి చోటా రెండు రోజులు తిరిగి వాడలతో సహా పటం గీసుకోండి. దాని నుంచి క్రమపద్ధతిలో నలభై ఇళ్లు తీసి, ఆ ఇళ్లలో యాభై ఏడు దాటిన ప్రతి మనిషినీ, వయసుతో నిమిత్తం లేకుండా ప్రతి వితంతువునూ, దివ్యాంగులనూ, ఒంటరి మహిళనూ నమోదు చేయండి. పింఛను వస్తున్నదా, అడిగారా, అడగలేదా, ఆగిందా అన్నది ఆ తరువాతి ప్రశ్న. దీనికి సమయం రెట్టింపు పడుతుంది. మీ గైడ్ ఒప్పుకోకపోతే ఊళ్ల సంఖ్య ఎనిమిదికి తగ్గించండి గానీ ఈ పద్ధతిని వదులుకోవద్దు.

ఇక్కడ 'ఇల్లు' అన్న మాట దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. ఆసరా నిబంధనల ప్రకారం వృద్ధాప్య పింఛను ఒక కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, అందులోనూ మహిళకు ప్రాధాన్యం. అందువల్ల కుటుంబం అంటే ఏమిటన్నది మన ఊళ్లలో లెక్కకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, పైసలకు సంబంధించిన విషయం. ఒకే కప్పు కింద తల్లిదండ్రులు ఒక రేషన్ కార్డు మీద, కొడుకు మరో కార్డు మీద ఉంటారు. అన్నం మాత్రం ఒకే కుండలో వండుతారు. ఇంకో ఇంట్లో కార్డు ఒకటే, కానీ ముసలివాళ్లు కొట్టంలో వేరుగా వండుకుంటారు. 'మీది ఎన్ని కుటుంబాలు' అని అడిగితే, అడిగిన మనిషి సర్కారు తరఫున వచ్చాడేమోనన్న అనుమానంతో కార్డులో ఉన్నదే చెబుతారు. నేను చాలా ఏళ్లు ఈ తప్పు చేసి, తరువాత ప్రశ్న మార్చుకున్నాను. 'ఈ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి' అని అడగండి. పొయ్యిల లెక్క ఒక నిలువు వరుసలో, కార్డుల లెక్క పక్క వరుసలో రాసుకోండి. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే మీకు ఒక అధ్యాయానికి సరిపడే విషయం దొరుకుతుంది, ఎందుకంటే పింఛను రాని ముసలి మగవారిలో చాలామంది ఆ తేడాలోనే కనబడతారు. భార్యకు వచ్చే 2016 రూపాయల మీద ఇద్దరు బతుకుతున్న ఇల్లు, ఒక్కరే బతుకుతున్న ఇల్లు మీ పట్టికలో ఒకే గడిలో పడకూడదు.

నిబంధనల్లో మరో సంగతి ఉన్నది. మూడెకరాల తరి (నీటి వసతి ఉన్న) లేదా ఏడున్నర ఎకరాల ఖుష్కి (మెట్ట) భూమి దాటితే, పిల్లలు ఉద్యోగులైతే, కారు వంటి వాహనం ఉంటే వృద్ధులు అనర్హులవుతారు. పిల్లల సంపాదన తల్లిదండ్రులకు చేరుతుందన్న నమ్మకం మీద పెట్టిన షరతు ఇది. హైదరాబాదులో ప్రైవేటు కొలువు చేసుకుంటూ కిరాయికే సగం జీతం పోయే కొడుకు ఇంటికి ఏమి పంపుతున్నాడో ఆ షరతుకు తెలియదు. మీరు మాత్రం తెలుసుకోవాలి. గడచిన పన్నెండు నెలల్లో ఎన్నిసార్లు, ఎంత, ఎవరి చేతికి పంపారో విడివిడిగా అడగండి. 'కొడుకు చూసుకుంటాడా' అని అడిగితే ఏ తల్లీ లేదని చెప్పదు.

వయసు విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. వృద్ధాప్య పింఛనుకు వయసు అర్హతను 65 నుంచి 57కు తగ్గించి, 2021లో దరఖాస్తులు తీసుకొని, 2022 ఆగస్టు నుంచి కొత్త పింఛన్లు ఇచ్చారు. చేనేత, గీత కార్మికులకు ఆ వయసు 50. ఈ మార్పు పరిశోధకులకు ఒక అవకాశం: 57కు కాస్త అటు, కాస్త ఇటు ఉన్నవారిని పోల్చి చూడవచ్చునని అర్థశాస్త్రం చదివిన మిత్రులెవరైనా మీకు తప్పక చెబుతారు. అయితే మన పల్లెల్లో పుట్టినతేదీ తెలియనివారికి ఆధార్‌లో అంచనా వయసు వేసి జనవరి 1 అని రాసిన సందర్భాలు కోకొల్లలు. అరవై దాటిన మనిషి ఆధార్‌లో యాభై నాలుగేళ్లవారిగా ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను, అలాంటివారు ఏళ్ల తరబడి పింఛను నష్టపోయారు. ఆధార్ వయసునే నిజమని తీసుకుంటే పోలిక పాడవుతుంది, దానితోపాటు వారికి జరిగిన అన్యాయం కూడా మీ కంటికి కనబడకుండా పోతుంది.

అందుకని రెండు వయసులు రాసుకోండి: కాగితంలోది, మనిషి జ్ఞాపకంలోది. జ్ఞాపకం నుంచి వయసు తీయడానికి మన ప్రాంతంలో మంచి గుర్తులున్నాయి. రజాకార్ల కాలంలో నడిచే వయసా, చంకలో ఉన్న వయసా, అప్పటికి పుట్టనే లేదా? 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెళ్లయిందా? 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు పెద్ద కొడుకు బడికి పోతున్నాడా? ఏటూరునాగారం, మంగపేట వైపు ఆ వరద గుర్తులేని ముసలివారు ఉండరు. ఇటీవలి సంగతులకు, అంటే ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, ఎప్పుడు ఆగింది అన్నవాటికి, మేడారం జాతర బాగా పనికొస్తుంది. రెండేళ్లకోసారి వస్తుంది కనుక 'పోయిన జాతరకు ముందా, తరువాతా' అంటే ఠక్కున చెబుతారు. తేదీ అడిగితే మాత్రం మనసులో ఏదో ఒకటి అనుకొని చెప్పేస్తారు.

మీకు ముందే తెలిసి ఉండవలసిన ఒక పాత అధ్యయనం గురించి కూడా చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నుంచి 2012 వరకు ఉపాధి కూలీ, పింఛన్ల చెల్లింపును వేలిముద్ర స్మార్ట్‌కార్డులకు మార్చినప్పుడు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఎనిమిది జిల్లాల్లో మండలాలను లాటరీ పద్ధతిలో విడదీసి పరీక్షించారు. చెల్లింపుల్లో చేతివాటం తగ్గిందని తేలింది. మొత్తం మీద అది నమ్మదగిన పని. కానీ ఆ ఎనిమిదింటిలో తెలంగాణ నుంచి ఆదిలాబాద్, ఖమ్మం, నల్లగొండ ఉన్నాయి; పాత వరంగల్ గానీ కరీంనగర్ గానీ లేవు. పైగా అప్పటి పింఛను 200 రూపాయలు. ఈనాటి 2016 రూపాయలకు, ఊరి పోస్టాఫీసు బీపీఎం (బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్) ద్వారా జరిగే చెల్లింపుకు ఆ ఫలితాన్ని నేరుగా అన్వయించవద్దు. అరవై ఏళ్లు వరినాట్లు వేసి, బట్టలు ఉతికి, బీడీలు చుట్టి అరిగిపోయిన వేళ్లకు ముద్ర పడకపోతే ఏం జరుగుతుందన్నది చేతివాటం లెక్కలోకి రాదు. ఎన్నిసార్లు తిరిగి వెళ్లవలసి వచ్చింది, ఆటోకు ఎంత పెట్టారు, ఎవరు వెంట వచ్చారు, ఆ రోజు కూలీ పోయిందా అన్నవి అడగండి.

జగిత్యాల జిల్లాను ఎంచుకున్నందుకు సంతోషించాను, ఎందుకంటే బీడీ కార్మికుల పింఛను మీద చేయవలసిన పని చాలా మిగిలి ఉన్నది. కోరుట్ల, మెట్‌పల్లి నుంచి నిర్మల్, నిజామాబాద్ దాకా బీడీ చుట్టే ఇళ్లలో ఆడవాళ్ల చేతిలోని చాటే ఆ ఇంటి బడ్జెట్. ఆసరాలో బీడీ కార్మికులకు చోటు ఇవ్వడం ఈ ప్రాంతానికి పెద్ద మేలు. అయితే ఆ పింఛనుకు భవిష్య నిధి (పీఎఫ్) ఖాతా ఆధారం. ఇక్కడ మీరు కార్ఖానా పద్ధతి అర్థం చేసుకోవాలి. ఒక పేరు మీద పాసుబుక్కు ఉంటుంది, తల్లీ కూతురూ ఇద్దరూ చుడతారు. కొన్ని ఇళ్లలో పేరు అత్తది, పని కోడలిది. టేకేదారు (గుత్తేదారు) దగ్గర పేరు లేకుండా తక్కువ మజూరికి చుట్టి ఇచ్చేవారు మరికొందరు. ముప్పై ఏళ్లు తునికాకు కత్తిరించిన మనిషికి పీఎఫ్ నంబరు లేదన్న కారణంతో పింఛను రాకపోవడం, పేరు మాత్రమే ఉన్న మనిషికి రావడం ఒకే ఇంట్లో చూడవచ్చు. దీన్ని మోసం అని రాయకండి. పని చేసినవారిని కార్మికులుగా నమోదు చేయని పద్ధతి ముందే ఉన్నది, పింఛను నిబంధన దాని మీద వచ్చి కూర్చుంది. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చినా ఇంటి దగ్గర చుట్టేవారిలో చాలామంది ఎందుకు నమోదు కాలేదన్నది మీ నేపథ్య అధ్యాయంలో ఉండాలి. బీడీ మజూరిలో పీఎఫ్ కోత పడి, తరువాత ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛను పొందుతున్నవారు కూడా కనబడతారు. ఆ పథకంలో కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1000 రూపాయలు. చందా కట్టి సంపాదించుకున్న పింఛను చందా లేని ఆసరాలో సగం కూడా లేదన్న మాట. దీన్ని ఆ మహిళలు ఎలా అర్థం చేసుకుంటున్నారో అడగండి. నాకు వచ్చిన జవాబులు నన్ను చాలాసేపు ఆలోచింపజేశాయి.

అదే జిల్లాలో గల్ఫ్‌కు వెళ్లి తిరిగి రాని భర్తల భార్యలున్నారు. మరణ ధ్రువపత్రం ఉంటే వితంతు పింఛను వస్తుంది. మనిషి జాడే తెలియకపోతే, చట్టం దృష్టిలో చనిపోయినట్టు భావించడానికి ఏడేళ్లు పడుతుంది. 2017లో వచ్చిన ఒంటరి మహిళల పింఛను కొందరికి దారి చూపింది, కానీ 'భర్త వదిలేశాడు' అని నలుగురిలో ఒప్పుకొని కాగితం రాయించుకోవడానికి ఇష్టపడనివారు ఎందరో ఉన్నారు. వీరి గురించి ప్రశ్నావళితో తెలుసుకోలేరు. ఒక మహిళా సహాయకురాలు, ఒక మధ్యాహ్నం, తీరిక కావాలి.

ములుగు వైపు కోయగూడేల్లో సమస్య వేరు. అక్కడ దూరం, సిగ్నల్, పోస్టాఫీసు ఉన్న ఊరికి నడక ముఖ్యం. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల గూడేల్లో ఆధార్, నివాస ధ్రువీకరణ దగ్గరే ఆగిపోతుంది. ఒక్క గూడేన్నయినా మీ నమూనాలో ఉంచండి. భూపాలపల్లి, గోదావరిఖని వైపు వెళ్లే ఆలోచన ఉంటే సింగరేణి విశ్రాంత కార్మికులను కూడా చూడండి. 1998 బొగ్గు గనుల పింఛను పథకంలో పింఛను ఉద్యోగ విరమణనాటి జీతం మీద స్థిరపడిపోతుంది, ధరలతోపాటు పెరగదు. పాతికేళ్ల కిందట దిగిపోయిన కార్మికుడి పింఛను ఈనాడు ఎంత తక్కువో విని మీరు ఆశ్చర్యపోతారు. ప్రభుత్వ పింఛను అందుకొనేవారికి ఆసరా లేదన్న నిబంధన ఈ కుటుంబాల విషయంలో ఎలా అమలవుతోందో పరిశీలించండి.

దివ్యాంగుల విషయంలో ఒక్క మాట. పింఛను మొత్తం 2023లో 4016 అయింది. అయితే వైకల్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో తాత్కాలిక ధ్రువపత్రం ఇచ్చినవారికి గడువు తీరగానే మళ్లీ పరీక్షకు వెళ్లవలసి వస్తుంది, ఆ మధ్యలో పింఛను ఆగుతుంది. ఆగిన పింఛన్లను లెక్కించేటప్పుడు ఈ కారణానికి విడిగా ఒక గడి పెట్టుకోండి.

గణాంకాల దగ్గరికి వస్తే, 'వరంగల్ జిల్లా' అన్న పేరు చూసి మోసపోకండి. 2016 అక్టోబరు 11న పాత జిల్లా వరంగల్ అర్బన్, రూరల్, జనగామ, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్‌గా విడిపోయింది. 2019లో ములుగు ఏర్పడింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. 2015 వరంగల్ సంఖ్య పక్కన 2022 వరంగల్ సంఖ్య పెట్టి పింఛన్లు తగ్గిపోయాయని రాసిన వ్యాసం నేను చదివాను. మండలాల వారీగా సంఖ్యలు సేకరించి మీరే కూడుకోండి.

కేంద్ర ప్రభుత్వపు జాతీయ సామాజిక సహాయ పథకం కింద వచ్చే వృద్ధాప్య పింఛను సంగతి కూడా స్పష్టంగా రాయండి. 1995 ఆగస్టు 15న నెలకు 75 రూపాయలతో మొదలై, 2007 నాటికి 200 అయింది. 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం వాటా ఇప్పటికీ అదే 200, ఎనభై దాటితే 500. అంటే దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న, 60 నుంచి 79 ఏళ్ల లబ్ధిదారుకు అందే 2016 రూపాయల్లో కేంద్రం వాటా సుమారు పదో వంతు. మిగతాది, కేంద్ర జాబితాలో లేనివారి విషయంలో మొత్తమూ, రాష్ట్ర ఖజానాది. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం గురించి చెబుతుంది గానీ అది ఆదేశిక సూత్రం, కోర్టు ద్వారా అమలు చేయించుకోగల హక్కు కాదు. అందుకే పింఛను మొత్తం ప్రతిసారీ ఎన్నికల వాగ్దానంగానే పెరుగుతూ వచ్చింది. 2023 ఎన్నికల్లో 4000 అన్న వాగ్దానం వచ్చింది, ఆ డిసెంబరు 28 నుంచి ప్రజాపాలన అనే ప్రభుత్వ కార్యక్రమంలో దరఖాస్తులు తీసుకున్నారు. మీరు వెళ్లిన ప్రతి ఇంట్లో ఆ రసీదు జాగ్రత్తగా దాచిపెట్టి ఉంటుంది. రసీదు చూపించమని అడగండి, తేదీ రాసుకోండి. దరఖాస్తుకూ డబ్బుకూ మధ్య గడిచిన కాలానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

2016 రూపాయల విలువ ఏళ్లు గడిచే కొద్దీ ఎంత తగ్గిందో చెప్పడానికి మామూలు ద్రవ్యోల్బణం రేటు వాడవద్దు. లేబర్ బ్యూరో నెలనెలా వ్యవసాయ కార్మికుల ధరల సూచీని రాష్ట్రాల వారీగా ఇస్తుంది, అది తీసుకోండి. దానితోపాటు ఊళ్లోని మెడికల్ షాపులో బీపీ, షుగర్ మందులకు నెలకు ఎంతవుతుందో మీరే రాసుకోండి.

మండల కార్యాలయంలో సమాచారం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేర్లు అడగవద్దు. గ్రామాల వారీగా, నెలల వారీగా కొత్తగా మంజూరైనవి, తొలగించినవి, తొలగించిన కారణం అడగండి. ఒక కార్యాలయంలో నాకు 'కారణాలు విడిగా నమోదు చేయలేదు' అని రాతపూర్వకంగా జవాబిచ్చారు. కారణం రాయకుండా ఒక ముసలిమనిషి పింఛను తీసివేయవచ్చునని ఆ కాగితం చెబుతున్నది. దాన్ని నేను నివేదికలో యథాతథంగా పెట్టాను.

చివరిగా ఊళ్లో నడుచుకొనే తీరు. 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే తరువాత 'సర్వే' అన్న మాట వినగానే పింఛను పోతుందేమోనన్న భయం కలుగుతుంది. ఆ మాట వాడకండి. పంచాయతీ కార్యదర్శిని కలిసి అనుమతి తీసుకోండి, కానీ ఇళ్లకు ఆయన వెంట వెళ్లకండి. ఆధార్ నంబరు అడగకండి, ఫోటో తీయకండి. కోడలు ముందు అత్తను, అత్త ముందు కోడలిని అడగకండి. పైసలు ఎవరి దగ్గర ఉంటాయన్న ప్రశ్న చివరికి ఉంచండి. పింఛను పంచే రోజుల్లో మూడు పూటలు పోస్టాఫీసు అరుగు మీద కూర్చొని ఎవరు ఎవరి చేయి పట్టుకొని వచ్చారో, ముద్ర పడక ఎవరు వెనక్కి పోయారో, పైసలు తీసుకొని తిన్నగా ఎక్కడికి వెళ్లారో ఊరికే చూసి రాసుకోండి. ప్రశ్నావళి ఆ తరువాత తయారు చేయండి. ఇప్పటికే తయారై ఉంటే పక్కన పెట్టి, ఆ మూడు పూటల తరువాత మళ్లీ చదివి చూడండి. సగం ప్రశ్నలు మీరే మార్చుకుంటారు. మార్చిన ప్రశ్నావళి ఇక్కడ పెడితే తప్పకుండా చదివి నా అభిప్రాయం రాస్తాను.